దూరిన ప్రతి కన్నమూ ఆ ప్లగ్గుది కాదు: ఇంట్లో కంప్యూటర్ బిగించుకునేవాళ్ళకి కరెంటు జాగ్రత్తలు

మా అక్క కంప్యూటర్‌కి కొత్త ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడా వోల్టులుగా మార్చే డబ్బా) పెడదామని ఒక ఆదివారం కూర్చున్నాను. పాతదీ కొత్తదీ రెండూ మాడ్యులర్ రకమే, అంటే కేబుళ్ళు డబ్బాలోంచి ఊడదీసుకునేవి. పాత కేబుళ్ళు అప్పటికే క్యాబినెట్‌లో ముచ్చటగా మడిచి, ట్యాగులు కట్టి ఉన్నాయి. అవన్నీ మళ్ళీ ఎవరు పీకుతారు, డబ్బా ఒక్కటి మారిస్తే పోలా అనుకున్నాను. పాత కేబుల్ కొత్త డబ్బాలో క్లిక్కుమని కూర్చుంది. కొంచెం కూడా బిగువు లేదు. స్విచ్చి వేశాను. ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగిపోయింది. ఆ వెంటనే మాడిన వాసన.

"ఏరా, ఏదో కాలుతోందా?" అని పక్క గదిలోంచి అక్క.

కాలినవి రెండు హార్డ్ డిస్కులు. వాటిలో పదేళ్ళ ఫోటోలున్నాయి.

తర్వాత మల్టీమీటర్ పెట్టి చూస్తే సంగతి అర్థమైంది. మాడ్యులర్ కేబుల్‌కి రెండు కొసలు. హార్డ్ డిస్కులోకి వెళ్ళే కొసకి అందరూ పాటించే ప్రమాణం ఉంది. ఎస్ఎంపీఎస్‌లోకి వెళ్ళే కొసకి లేదు. ఏ పిన్నులో ఏ వోల్టేజి ఇవ్వాలన్నది తయారు చేసినవాళ్ళ ఇష్టం. ఒకే కంపెనీ రెండు మోడళ్ళలో కూడా తేడా ఉండొచ్చు. పాత డబ్బా 5 వోల్టులు ఇచ్చే చోట కొత్తది 12 ఇస్తోంది. అదే తిన్నగా డిస్కుల 5 వోల్టుల పిన్నులోకి పోయింది.

ఆ రోజు నుంచి ఎవరైనా కంప్యూటర్ బిగించుకుంటాను, సాయం రా అంటే ముందు ఈ కథ చెప్పి, తర్వాతే స్క్రూడ్రైవర్ చేతికిస్తున్నాను. నేను చేసిన పొరపాట్లూ, దగ్గరుండి చూసినవీ లెక్కేస్తే సగానికి పైగా ఇలాంటివే. ఒకటి ఇంకోదాంట్లో దూరింది, దూరింది కదా అని స్విచ్చి వేశాం.

డబ్బా లోపల వేరు, బయట వేరు

కంప్యూటర్‌లో మనిషి ప్రాణం తీయగలిగింది ఎస్ఎంపీఎస్ ఇనుప డబ్బా లోపలి భాగం, గోడ నుంచి దానికొచ్చే తీగ. ఆ డబ్బా దాటి బయటికొచ్చేవి 12, 5, 3.3 వోల్టులే. పొడి చేత్తో తాకితే షాక్ కొట్టవు. అయితే వాటిలో యాంపియర్లు ఎక్కువ. ఉంగరమో, గడియారం ఇనుప పట్టీయో ఒకవైపు 12 వోల్టులకీ, ఇంకోవైపు క్యాబినెట్‌కీ తగిలిందంటే అది క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంటుంది. కూర్చునే ముందు అవి తీసి పక్కన పెట్టండి.

డబ్బా లోపలి సంగతి వేరు. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చితే శిఖరం దగ్గర సుమారు 325 వోల్టులు అవుతుంది. ఇప్పటి యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటు తీసుకునే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉన్న రకాల్లో అది 380, 400 దాకా పెరుగుతుంది. అదంతా చిన్న సీసా మూతంత లావున్న కెపాసిటర్‌లో నిలవుంటుంది. ప్లగ్గు పీకినంత మాత్రాన ఖాళీ కాదు. మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్ సాధారణంగా ఉంటుంది, కానీ అది మాడిపోయి ఉందో లేదో మూత తీయకుండా తెలియదు, తీశాక తెలిసి లాభం లేదు. ఫ్యాను చప్పుడు చేస్తోందనో, దుమ్ము పట్టిందనో ఆ నాలుగు స్క్రూలూ విప్పకండి. జాలీలోంచి స్క్రూడ్రైవర్ దూర్చి ఫ్యాను తిప్పి చూడకండి. లోపలి ఫ్యూజు పోతే మార్చి మళ్ళీ పెట్టడం కూడా దండగ. ఆ ఫ్యూజు ఊరికే పోదు. స్విచింగ్ ట్రాన్సిస్టరో, ఇంకోటో షార్టయితేనే పోతుంది. కొత్తది వేస్తే అదీ పోతుంది, ఈసారి మీ మొహానికి దగ్గరగా.

పాత ఎస్ఎంపీఎస్‌లకి వెనక ఒక చిన్న ఎర్ర స్విచ్చి ఉంటుంది, దాని మీద 115, 230 అని అంకెలు. 230 వచ్చే చోట అది 115 మీద ఉంటే లోపలి సర్క్యూట్ వోల్టేజిని రెట్టింపు చేసేస్తుంది. 200 వోల్టులకి తయారైన ఒక్కో కెపాసిటర్‌కి 162 అందాల్సింది, 325 అందుతుంది. టపాకాయలా పేలుతుంది. మా మేనల్లుడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఎర్రగా ఉంది కదా అని గోటితో అటు జరిపాడు. ఎవరికీ ఏం కాలేదు గానీ, వాడు వారం రోజులు ఆ గదిలోకి రాలేదు. పాత డబ్బా వాడుతుంటే ఆ స్విచ్చిని సరైన వైపు పెట్టి పైన టేపు అంటించేయండి. 100 నుంచి 240 వరకు అని రాసి ఉన్నవాటికి ఈ బెడద లేదు.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా

చాలామంది "కొంచెం జిల్లుమంటుందండీ, మామూలే" అంటుంటారు. మామూలు కాదు. ఎర్తింగ్ లేదని క్యాబినెట్ చెబుతున్న మాట అది.

ఎస్ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి డబ్బాకీ, న్యూట్రల్ నుంచి డబ్బాకీ చెరొక చిన్న కెపాసిటర్ ఉంటుంది. రేడియో గోల బయటికి పోకుండా వాటిని పెడతారు. ఎర్తు సరిగ్గా ఉంటే వాటిలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. ఎర్తు లేకపోతే డబ్బా ఆ రెంటికీ మధ్యన వేలాడుతూ సుమారు సగం, అంటే 115 వోల్టుల దగ్గర ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషిని ఏమీ చేయదు. చెప్పుల్లేకుండా నిలబడి చేతి వెనక వైపుతో తాకితే మాత్రం గుచ్చినట్టుంటుంది. అసలు భయం దాని తర్వాతిది. రేపు లోపల ఏ తీగ ఇన్సులేషన్ ఊడి డబ్బాకి తగిలినా పూర్తి 230 వోల్టులు క్యాబినెట్ మీదికొస్తాయి, వెళ్ళడానికి దారి ఉండదు, ఫ్యూజు పోదు, మీరు తాకేదాకా ఎదురుచూస్తుంటాయి.

ఇంకో నష్టం కూడా ఉంది. ఎర్తు లేని కంప్యూటర్ నడుస్తుండగా టీవీకో, మానిటర్‌కో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టబోతే కొస దగ్గర చిటుక్కున మెరుస్తుంది. ఒక్కోసారి ఆ మెరుపుతోనే పోర్టు పోతుంది. పోర్టు ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు, కార్డుది తప్పు అనుకుంటారు.

మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాడటం, మూడో పిన్ను విరగ్గొట్టి దూర్చడం, ఎర్తు తీగ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సులు, వీటిలో ఏదున్నా పైన చెప్పిందంతా మీకు వర్తిస్తుంది. సాకెట్టులో ఎర్తు ఉందో లేదో మల్టీమీటర్‌తో తెలుసుకోవచ్చు. ఏసీ వోల్టుల మీద పెట్టి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూస్తే 230 దరిదాపుల్లో రావాలి. ఫేజుకీ ఎర్తుకీ మధ్యన కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 60, 90 అంటూ ఊగుతుంటే అక్కడ ఎర్తు లేనట్టే. ఈ పని చేసే ముందు మీటర్ ఎర్ర తీగ వోల్టుల కన్నంలోనే ఉందా అని రెండుసార్లు చూసుకోండి. యాంపియర్ల కన్నంలో ఉండగా సాకెట్టులో పెడితే మీటర్ తీగే షార్ట్ అవుతుంది. మీటర్ అలవాటు లేకపోతే దీనికి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, నామోషీ ఏమీ లేదు.

లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్చి ఉంది కదా అని కొందరంటారు. ఎంసీబీ గోడలోని తీగని కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, ఇళ్ళకి 30 మిల్లీ యాంపియర్లది పెడతారు. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేవని తెలియగానే కట్ చేస్తుంది.

కట్టేశాననుకున్న కరెంటు

స్విచ్చి ఆఫ్ చేసిన కంప్యూటర్ పూర్తిగా ఆగినట్టు కాదు. తీగ గోడకి ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్ ఊదారంగు తీగలో 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. మదర్‌బోర్డు మీద చిన్న ఎల్‌ఈడీ వెలుగుతోందంటే అదే. ఆ వెలుగు ఉండగా ర్యామ్ తీయడం, కార్డు పెట్టడం చేస్తే నెగ్గుకొచ్చిన సందర్భాలున్నాయి, నెగ్గని సందర్భాలూ ఉన్నాయి.

నేను ఒకసారి గోడ స్విచ్చి కట్టేసి, ఇంక భయం లేదని గ్రాఫిక్స్ కార్డు మీద చెయ్యేశాను. బల్ల కింద ఏదో "టీ... టీ..." అంటోంది. పట్టించుకోలేదు. కార్డు సగం పైకి లేపాక చూస్తే బోర్డు మీద ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంది. బల్ల కింద యూపీఎస్! గోడలో కరెంటు పోయిందనుకుని అది తన బ్యాటరీతో సప్లై ఇస్తోంది, ఆ సంగతి పాపం అరిచి మరీ చెబుతోంది. కార్డు బతికింది. అప్పటి నుంచి గోడ దగ్గర కాదు, ఎస్ఎంపీఎస్ వెనక దూరే తీగనే పీకి బల్ల మీద, కంటి ముందు పెట్టుకుంటాను. తర్వాత పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కిపట్టుకుంటాను. ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి, ఎల్‌ఈడీ మసకబారి ఆరిపోతుంది. అది ఆరాకే చెయ్యి లోపలికి.

దూరేవాటి జాబితా

సీపీయూకి వెళ్ళే 8 పిన్నులదీ, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళే 8 పిన్నులదీ చూడ్డానికి కవలలు. సీపీయూదాంట్లో నాలుగు 12 వోల్టులు, నాలుగు నేల (గ్రౌండ్, కరెంటు తిరిగిపోయే దారి). గ్రాఫిక్స్‌దాంట్లో మూడు 12 వోల్టులు, ఐదు నేల, పైగా వరసలు తారుమారు. ఒకదాంట్లో 12 ఉన్నచోట ఇంకోదాంట్లో నేల ఉంటుంది. దగ్గరగా పట్టుకుని చూస్తే కొన్ని పిన్నుల గూడు నలుచదరంగా, కొన్నిటిది మూలలు చెక్కినట్టుగా ఉంటుంది. తప్పుదాంట్లో దూరకూడదనే ఆ చెక్కుడు. కానీ ప్లాస్టిక్ మెత్తటిది, బలం పెడితే ఒప్పుకుంటుంది. పూర్వం పసుపు, నలుపు తీగలు చూసి పోల్చుకునేవాళ్ళం, ఇప్పుడన్నీ నల్లవే. గుర్తు ఏమిటంటే, నాలుగూ నాలుగుగా చీలేది సీపీయూది, ఆరూ రెండుగా చీలేది గ్రాఫిక్స్‌ది. వేలి బలం కంటే ఎక్కువ కావలసి వస్తే ఆగి, తిప్పి చూడండి.

లైట్ల పట్టీల దగ్గర ఇలాంటి మోసమే ఇంకోటి. నాలుగు పిన్నుల ఆర్‌జీబీకి 12 వోల్టులు, మూడు పిన్నుల ఏఆర్‌జీబీకి 5 వోల్టులు. మూడు పిన్నులదాన్ని నాలుగు పిన్నుల మీద కొంచెం జరిపి గుచ్చితే కూర్చుంటుంది. లైట్లన్నీ ఒక్కసారి తెల్లగా మెరిసి మళ్ళీ ఎప్పుడూ వెలగవు. పాత బోర్డుల మీద యూఎస్‌బీ పిన్నుల పక్కనే, అచ్చం అదే ఆకారంలో ఫైర్‌వైర్ (అప్పట్లో వీడియో కెమెరాలవీ తగిలించే రకం) పిన్నులు ఉండేవి. అందులో 12 వోల్టులు. ముందు ప్యానెల్ యూఎస్‌బీ తీగ పొరపాటున అక్కడ పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చితే పెన్‌డ్రైవ్ పోయినట్టే. పాత బోర్డుతో పనుంటే అక్కడ రాసిన అక్షరాలు టార్చి వేసి చదవండి.

ఇక సరైనదాంట్లోనే పెట్టినా పూర్తిగా పెట్టకపోతే వచ్చేది ఇంకో చిక్కు. పెద్ద గ్రాఫిక్స్ కార్డులకి ఇప్పుడు వస్తున్న 16 పిన్నుల కనెక్టర్ 600 వాట్ల దాకా మోస్తుంది. 12 వోల్టుల దగ్గర అది 50 యాంపియర్లు. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర ఆ కనెక్టర్లు కరిగిపోయిన ఫోటోలు లోకమంతా తిరిగాయి. కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్ళకపోవడం అందులో ఒక కారణమని తేలింది. తర్వాత 12వీ-2×6 అని మార్చిన రకంలో సంకేతం ఇచ్చే పిన్నులు పొట్టివి చేశారు, సరిగ్గా కూర్చోకపోతే కార్డు పనే మొదలుపెట్టదు. మీది ఏదైనా సరే, క్లిక్కుమన్నాక వెనక్కి మెల్లగా లాగి చూడండి, సందు కనబడకూడదు. కనెక్టర్ దగ్గరే తీగని గట్టిగా మడవద్దు, మూడు నాలుగు సెంటీమీటర్లు నిటారుగా వదిలి ఆ తర్వాతే వంచండి.

మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల కరెంటు కనెక్టర్) నుంచి సాటాకి (ఇప్పటి డిస్కుల కనెక్టర్) మార్చే చవకరకం తీగల మీద నాకు అసలు నమ్మకం లేదు. ప్లాస్టిక్‌ని కరిగించి తీగల మీద పోత పోసినవాటిలో లోపలి తీగలు జరిగి, ఒకదానికొకటి తగిలి నిప్పు పుట్టిన సందర్భాలు చాలానే ఉన్నాయి. వెనక మూత తెరిచి తీగలు విడివిడిగా కనబడే రకం కాస్త మేలు. ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన సాటా కేబుల్ అన్నిటికంటే మేలు.

ఒంట్లో ఉన్న కరెంటు

స్టాటిక్ (ఒంటి మీద పేరుకుని చిటుక్కుమనే కరెంటు) గురించి రెండు రకాల మనుషులున్నారు. చేతికి స్టాటిక్ దింపే పట్టీ లేకుండా ర్యామ్ వైపు చూడనివాళ్ళు ఒకరు, అదంతా ఉత్తదే అనేవాళ్ళు ఇంకొకరు. నేను మధ్యలో ఉన్నాను. మనకి వేలి చివర చిటుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. కొన్ని చిప్పులు దెబ్బతినడానికి వంద వోల్టులు చాలు. అంటే మనకి తెలియకుండానే పాడు చేయగలం. పైగా వెంటనే చచ్చిపోకుండా కొన్నాళ్ళు నడిచి మొరాయించే రకం దెబ్బ కూడా ఉంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో, సింథటిక్ బట్టలతో, తివాచీ మీద కూర్చుని చేస్తే ఎక్కువ.

నేను చేసేది తేలిక. బోర్డు ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు లేని ఇనుప భాగాన్ని తాకుతాను, పని చేస్తున్నంతసేపూ ఒక మణికట్టు దాని మీద ఆనించి ఉంచుతాను. పట్టీ ఉంటే దాన్ని కూడా అదే ఇనుముకి తగిలించండి. మంచి పట్టీ తీగలో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున చెయ్యి 230 వోల్టులకి తగిలినా పట్టీ గుండా పావు మిల్లీ యాంపియర్ కంటే తక్కువే పోతుంది. అందుకే ఉత్త రాగి తీగ చేతికి చుట్టుకుని రెండో కొస గోడ సాకెట్టు ఎర్తు కన్నంలో గుచ్చే తెలివి పనికిరాదు. కన్నం తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బోర్డుతో వచ్చే వెండిరంగు కవరు విషయంలో ఒక్క మాట. దాని లోపల పెడితే రక్షణ. బోర్డుని దాని మీద పరిచి స్విచ్చి వేస్తే మాత్రం బోర్డు అడుగు పిన్నులు ఆ లోహపు పొరకి తగలొచ్చు. పరీక్షకి బోర్డు వచ్చిన అట్టపెట్టే మంచి బల్ల.

మొదటిసారి స్విచ్చి

బిగించే ముందే క్యాబినెట్‌లోని ఇత్తడి స్టాండాఫులు (బోర్డుని ఇనుముకి తగలకుండా ఎత్తిపట్టే చిన్న గూటాలు) లెక్కపెట్టుకోండి. బోర్డులో కన్నం ఉన్నచోటే అవి ఉండాలి. మా మేనల్లుడు, అదే ఎర్ర స్విచ్చి వీరుడు, పెద్దయ్యాక సొంతంగా బిగించుకున్న మొదటి కంప్యూటర్ "టుక్" అని మొదలై "టుక్" అని ఆగిపోయేది. "మావయ్యా, బోర్డు డెడ్" అని ఫోను. వెళ్ళి బోర్డు విప్పితే మధ్యలో ఒక స్టాండాఫ్ అదనంగా ఉంది, సరిగ్గా సోల్డర్ బొడిపెల కింద. దాన్ని తీసేశాం, బోర్డు బతికింది, ఎందుకంటే ఎస్ఎంపీఎస్ షార్టుని పసిగట్టి తనే ఆగిపోతూ వచ్చింది. అలా ఆగాక వరసగా బటన్ నొక్కడం వల్ల ప్రయోజనం లేదు. గోడ తీగ పీకి నిమిషం ఆగి, కారణం వెతకాలి.

ఎస్ఎంపీఎస్ మీదే అనుమానమైతే దేనికీ తగిలించకుండా విడిగా చూడొచ్చు. తీగ పీకి ఉండగానే 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నునీ, పక్కనున్న నేల పిన్నునీ వంచిన పేపర్ క్లిప్పుతో కలిపి, ఆ తర్వాత తీగ పెట్టి స్విచ్చి వేయాలి. 16వది పాత రంగుల్లో పచ్చ తీగ, నేలవి నల్లవి. తీగలన్నీ నల్లగా ఉంటే పిన్నుల పటం దగ్గర పెట్టుకుని లెక్కపెట్టండి, ఊహించి గుచ్చకండి. మీటర్‌లో 12 చోట 11.4 నుంచి 12.6 మధ్య, 5 చోట 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి.

స్విచ్చి వేసేటప్పుడు మొహం క్యాబినెట్ మీదికి వంచకండి. ఒక చెయ్యి గోడ స్విచ్చికి దగ్గరగా ఉంచుకోండి, దాన్ని ఆఫ్ చేయడానికి బల్ల కిందికి దూరాల్సిన పరిస్థితి ఉండకూడదు. తీగ పెట్టిన క్షణంలో సాకెట్టు దగ్గర చిన్న మెరుపొస్తే కంగారు పడొద్దు, ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతాయి. స్విచ్చి ఆఫ్‌లో ఉంచి తీగ పెడితే అదీ ఉండదు. ప్లగ్గు చుట్టూ వేడెక్కుతున్నా, చిరచిరమంటున్నా అది సాకెట్టు వదులు, వెంటనే మార్పించాలి.

పొగో, మాడు వాసనో వస్తే గోడ దగ్గర ఆపండి, యూపీఎస్ ఉంటే దాన్ని కూడా. నీళ్ళు చల్లకండి. కరెంటు ఆగాక కూడా మంట ఉంటే కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రకం మంటలార్పే సిలిండర్ వాడాలి, మంట డబ్బా దాటితే బయటికి పరుగెత్తి ఫైరింజన్‌కి ఫోన్ చేయాలి. ఎవరికైనా షాక్ కొట్టి పట్టేసుకుంటే మనిషిని ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి. ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టి, అంబులెన్స్ పిలిపించండి. లేచి బాగానే ఉన్నానన్నా సరే, చేతి నుంచి చేతికి షాక్ కొట్టిన మనిషిని డాక్టర్‌కి చూపించాలి. గుండె లయ తప్పడం కాసేపాగి బయటపడొచ్చు.

ఉరుములప్పుడు కంప్యూటర్ తీగతో పాటు నెట్ కేబుల్ కూడా పీకేయండి. సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి) దానిలోంచీ వస్తుంది.

అక్క డిస్కుల సంగతి చెప్పలేదు కదా. వాటి సర్క్యూట్ బోర్డు మీద 5 వోల్టుల దారిలో బియ్యపు గింజంత డయోడ్ ఒకటి ఉంటుంది. వోల్టేజి మితిమీరితే అది తాను షార్టయిపోయి వెనకున్నవాటిని కాపాడుతుంది. ఆ రోజు ఫ్యాను అరచుట్టుకే ఆగింది కూడా ఆ షార్టు వల్లే. ఒక డిస్కులో దాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో తీసేస్తే డిస్కు గిర్రున తిరిగింది, ఆ రాత్రే మొత్తం కాపీ చేశాను. రెండోదానికి లోపలి చిప్పు కూడా పోయింది, అందులో ఫోటోలు రాలేదు.

ఇప్పుడు ప్రతి ఎస్ఎంపీఎస్ కేబుళ్ళూ విడివిడి కవర్లలో ఉంటాయి, మీద మోడల్ పేరు రాసి. ఆ పాత కేబుళ్ళ కవరు మీద మాత్రం నేను రాయలేదు. అక్క స్కెచ్ పెన్‌తో పెద్దక్షరాల్లో తనే రాసింది: "ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా."